ఊరుమ్మడి సైకిలు

మా నాన్న ఇరవై ఏళ్లు ఒకే సైకిలు తొక్కాడు. పాలక్యాను, గడ్డిమోపు, ఎరువు బస్తా, చిన్నప్పుడు నేను - అన్నీ దాని మీదే. కాలేజీలో చేరేటప్పుడు తీసుకుపొమ్మంటే వద్దన్నాను. తోటి విద్యార్థుల ముందు నామోషీ అనిపించింది. ఇప్పుడు బస్సు దిగి కాలేజీ గేటు దాకా రోజూ రెండు కిలోమీటర్లు నడుస్తున్నాను. సొంత సైకిలే వద్దన్నవాడు అందరి సైకిలు ఎందుకు ఎక్కుతాడు? ఆ నడకలో పుట్టిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

ఒకచోట సైకిలు తీసుకుని, పని అయినచోట మరో స్టాండులో వదిలిపోవడమే ఈ పద్ధతి. 1965లో ఆమ్‌స్టర్‌డామ్ యువకులు కొన్ని సైకిళ్లకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీధిలో పెట్టారు. తాళం లేని సైకిలు వీధిలో ఉంచకూడదంటూ పోలీసులు పట్టుకుపోయారు! 1995లో కోపెన్‌హాగెన్‌లో 20 క్రోనర్ల నాణెం వేస్తే సైకిలు వచ్చేది, తిరిగి పెడితే నాణెం వచ్చేది. 2007లో పారిస్ నగరం కార్డుతో తెరుచుకునే సైకిళ్లు వేలకొద్దీ పెట్టింది. మన దేశంలో మైసూరు 2017లో సుమారు 450 సైకిళ్లతో మొదలుపెట్టింది.

పర్యావరణం మీద ప్రేమతోనే జనం తొక్కుతారని నేననుకున్నాను. వక్తృత్వపు పోటీల్లో మనం చెప్పేది అదే కదా! కానీ ఆయా నగరాల్లో సర్వేలు మాటిమాటికీ తేల్చింది వేరు. సౌలభ్యమే మొదటిది. ఇంటికీ, పనిచోటుకీ స్టాండు దగ్గరగా ఉందా, లేదా? పారిస్‌లో స్టాండ్లను సుమారు 300 మీటర్లకొకటి చొప్పున పెట్టడం ఇందుకే. మొదటి అరగంట ఉచితం కావడమూ చిన్న ఆకర్షణ కాదు.

అయితే పారిస్‌లో ఒక తమాషా జరిగింది. గుట్టమీది పేటల వాళ్లు పొద్దున సైకిలు మీద జారుకుంటూ దిగేవారు. సాయంత్రం మాత్రం రైల్లో వచ్చేవారు! పైన స్టాండ్లు ఖాళీ, కింద స్టాండ్లు కిటకిట. ఇక్కడ కాస్త ఫిజిక్సు చూడండి. ఆ సైకిలు బరువు సుమారు 22 కిలోలు, మనిషి 60 అనుకుందాం. 50 మీటర్లు పైకెక్కాలంటే 40 వేల జౌళ్ల పైచిలుకు పని. మా భాషలో చెప్పాలంటే, 50 కిలోల వడ్ల బస్తాలు ఎనభై రెండింటిని మీటరు ఎత్తు బండిలోకి ఎత్తినంత! ఆఫీసు నుంచి అలసి వచ్చేవాడు ఎందుకు ఎత్తుతాడు? 2008లో నగరం వారు, పైస్టాండులో సైకిలు పెట్టినవారికి అదనంగా 15 నిమిషాలు బహుమానంగా ఇచ్చారు. అంటే గుట్టెక్కిన కష్టానికి కూలీ కట్టారన్నమాట.

మెల్‌బోర్న్ కథ వేరు. అక్కడ హెల్మెట్ లేకుండా సైకిలు ఎక్కితే జరిమానా. 2010లో మొదలైన పథకానికి ఆశించినంతమంది రాలేదు. సైకిళ్లతోపాటు హెల్మెట్లు ఉంచినా లాభం అంతంతమాత్రమే. 2019లో మూసేశారు. అప్పటికప్పుడు బుద్ధిపుట్టి ఎక్కేవాడికి ఒక్క చిన్న అడ్డు చాలు.

ఇక నామోషీ సంగతి. ఇది ఏ సర్వేలోనూ చదవలేదు, నా సొంత అభిప్రాయం. సొంత సైకిలు మన ఇంటి స్థితిని చెప్పేస్తుంది. ఊరుమ్మడి సైకిలు ఎవరింటి కథా చెప్పదు. డాక్టరుగారూ, కూలీ కొడుకూ అదే ఎక్కుతారు.

మన బస్టాపు నుంచి గేటు దాకా ఇరవై సైకిళ్లతో యూనియన్ వారు ఇది ప్రయత్నించవచ్చు. చిక్కు లేకపోలేదు. పొద్దున అందరం ఇటే వస్తాం కాబట్టి పది నిమిషాల్లో బస్టాపు స్టాండు ఖాళీ అవుతుంది. కొందరు వెనక్కి తోలుకుపోవాలి. ఆ పనికి వారానికి రెండు రోజులు నేను సిద్ధం. మొదటి సైకిలు కూడా నాదే. మొన్న నాన్నను అడిగాను. "చైనుకి నూనె పెట్టి, బస్సుమీద వేసి పంపుతాలే" అన్నాడు.