మెల్లగా పోవు రైలుబండి: ఒక కుటుంబయాత్రవలన నేర్చిన పాఠము

విద్యార్థులారా! భూగోళశాస్త్ర పాఠములో ఐరోపా ఖండపు పటమును మీరు పలుమారులు గీచియున్నారు. నదులను నీలిరంగుతోను, పట్టణములను నల్లచుక్కలతోను గుర్తించియున్నారు. ఆ చుక్కలలో ఐదింటిని రైలుబండిమీద మెల్లగా దర్శించు భాగ్యము మా కుటుంబమునకు కలిగినది. అందు మేము చూచినదానిని, చూచుటకంటె ముఖ్యముగా నేర్చినదానిని ఈ వ్యాసమున తెలిపెదను. మీ తల్లిదండ్రులకును ఇది కొంత యుపయోగపడవచ్చును.

1. ప్రయాణమునకు పూర్వము

మా బావమరిది జర్మనీదేశములోని కొలోన్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అతని యాహ్వానముమీద, ఆరు సంవత్సరములు కూడబెట్టిన సొమ్ముతో బయలుదేర నిశ్చయించితిమి. వెళ్లవలసినవారము ఐదుగురము: నేను, నా భార్య, పదునాలుగేండ్ల కుమారుడు, తొమ్మిదేండ్ల కుమార్తె, డెబ్బది దాటిన మా తల్లి. మా తల్లికి మోకాళ్లనొప్పి. ఎక్కువదూరము నడువరాదనియు, మెట్లు తరచుగా ఎక్కరాదనియు వైద్యుడు చెప్పియుండెను.

కుమారుడు ఒక పట్టిక వ్రాసి తెచ్చెను. పదునైదు దినములు, పది నగరములు. "నాన్నగారూ, ఇంత ఖర్చుపెట్టి పోవుచు తక్కువ చూచిన నష్టము గదా!" అని వాని వాదము. అది వినుటకు న్యాయముగనే యుండెను. అప్పుడు నా భార్య కాగితము తీసికొని లెక్కవేసెను. పది నగరములు చూచుటకు తొమ్మిదిమారులు బస మార్చవలెను. బస మార్చినప్పుడెల్ల పెట్టెలు సర్దుట, స్టేషనుకు పోవుట, బండి యెక్కి దిగుట, క్రొత్తబస వెదకుట. వీనికి తక్కువలో తక్కువ సగము దినము పట్టును. అనగా నాలుగున్నర దినములు సామానులతోడనే గడచిపోవును. ఐదు నగరములైనచో నాలుగుమారులే. రెండు దినములతో సరి. మిగిలిన రెండున్నర దినములు చూచుటకు దొరకును.

ఇంత చెప్పినను వాని ముఖము చిన్నబోయెను. అప్పుడు మా తల్లి, "నాయనా, నీ పట్టిక ప్రకారమే వెళ్లిరండి. నేను మీ మామయ్య ఇంటనే కూర్చుండెదను" అనెను. వాడు తన పట్టికను మడచి జేబులో పెట్టుకొని, "నాయనమ్మ లేనిదే నేను పోను" అనెను. కనుక మెల్లని ప్రయాణమునకు కారణము మా వివేకము కాదు. ఒక ముసలితల్లి మోకాళ్లు.

ఐరోపాఖండమునకు వెలుపల నివసించువారికొరకు 1959వ సంవత్సరము మొదలు యూరైల్ అను రైలుపాసు ఒకటి కలదు. ఒక నెలలో ఇన్ని దినములని యెంచుకొని, ఆ దినములయందు పలుదేశముల బండ్లలో ప్రయాణింపవచ్చును. నాలుగు మొదలు పదునొకండు ఏండ్లలోపు పిల్లలకు, పెద్దలతో వచ్చినచో, రుసుము లేదు. అయితే ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిన్ దేశముల వేగపుబండ్లలో పాసుతోపాటు కూర్చుండు స్థలమునకు వేరుగా రుసుము చెల్లింపవలెను. జర్మనీలో చాలబండ్లకు ఆ నిర్బంధము లేదు. మా త్రోవను నిర్ణయించుటలో ఈ విషయమును లెక్కకు వచ్చెను.

2. కొలోన్: ఆరు శతాబ్దముల ఓపిక

కొలోన్ స్టేషను వెలుపలికి వచ్చినంతనే గొప్ప దేవాలయము కన్నుల నిండును. దాని గోపురముల యెత్తు 157 మీటర్లు. దీనికి 1248లో పునాది వేసిరి. పదునారవ శతాబ్దములో పని ఆగిపోయెను. సగము కట్టిన గోపురముమీద బరువులెత్తు కొయ్యయంత్రము ఒకటి శతాబ్దములతరబడి అట్లే నిలిచియుండెను. ఊరివారు పుట్టుచు, గిట్టుచు దానినే చూచుచుండిరి. 1842లో పని మరల ఆరంభమై 1880లో ముగిసెను. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులు పడినను కట్టడము కూలలేదు.

పిల్లలిద్దరును 533 మెట్లెక్కి దక్షిణగోపురముమీదికి పోయిరి. మా తల్లి క్రింద రాతిబల్లపై కూర్చుండి, మరునాడును అక్కడికే పోవుదమనెను. మూడుదినములలో ఆ కట్టడమును ఉదయపు వెలుగులోను, వానలోను, దీపములు పెట్టువేళను చూచితిమి. ఒక్కదినమే యున్నవానికి ఒక్క దేవాలయమే కనబడును. మాకు మూడు కనబడినవి.

3. రైన్ నదీతీరము

కొలోన్ నుండి దక్షిణమునకు రెండు త్రోవలు కలవు. 2002లో తెరచిన వేగపుమార్గమున బండి గంటకు 300 కిలోమీటర్లవరకు పరుగెత్తి, సుమారు ఒకగంటలో ఫ్రాంక్‌ఫర్ట్ చేర్చును. పాతమార్గము రైన్ నది యొడ్డుననే వంకరలు తిరుగుచు పోవును. మైన్స్ నగరమునకు సుమారు 180 కిలోమీటర్లు. ఊరూర నిలుచు బండికి రెండున్నర గంటలు పట్టును. మేము రెండవదానిని ఎక్కి, ఎడమచేతివైపు కిటికీలయొద్ద కూర్చుంటిమి. నది ఆవైపుననే యుండును.

కోబ్లెన్స్ వద్ద మోజెల్ నది వచ్చి రైన్‌లో కలియును. అది మొదలు లోయ ఇరుకగును. కొండచరియలయందు ద్రాక్షతోటలు, వానిపైన పాతకోటలు. నదిలో సరకులు మోయు పొడుగుపడవలు ఎడతెగక సాగుచుండును. కౌబ్ అను నూరియొద్ద నదిమధ్యనే ఒక చిన్నకోట కలదు. పడవలను ఆపి సుంకము వసూలుచేయుటకు దానిని కట్టిరి. నీటినుండి 132 మీటర్ల యెత్తున లేచియున్న లోరెలై బండవద్ద నది గట్టిగా మలుపు తిరుగును. మా తల్లి చాలసేపు మాటలాడక చూచి, "పాపికొండలలో గోదావరి వలెనే యున్నది. కాని ఇచట కోటలు ఎక్కువ, నీరు తక్కువ" అనెను. భూగోళ పాఠమునకు ఇంతకంటె మంచి పోలిక నేను చెప్పజాలను.

వేగపుబండిని నేను నిందింపను. రోగిని చూడబోవువానికిని, పనిమీద పోవువానికిని అది గొప్ప మేలు. కాని చూచుటకే పోవువాడు చూడదగినదానిని విడిచి సొరంగములలో పరుగెత్తుట ఎందులకు?

4. మైన్స్, హాలే: అక్షరముల త్రోవ

మా తండ్రిగారు ముద్రణాలయమున కంపోజిటరుగా ముప్పది సంవత్సరములు పనిచేసిరి. అందుచేత మైన్స్ నగరము మా తల్లికి ప్రియమైనది. పదునైదవ శతాబ్దమున గూటెన్‌బర్గ్ అచ్చుపని సాగించిన యూరు అది. ఆయన పేర 1900లో స్థాపించిన ప్రదర్శనశాలలో, 1455 ప్రాంతమున ముగిసిన నలుబదిరెండు పంక్తుల బైబిలు ప్రతులు రెండు కలవు. అచట సీసపు అక్షరములను, పాతరీతి చేతియంత్రమును చూచితిమి. మా తల్లి ఆ అక్షరములను చూచి, "మీ తాతగారు వీనిని అద్దములో చదివినట్లు తిరుగవేసి చదివెడివారు. ఇంటికి వచ్చినను చేతివ్రేళ్ల నలుపు పోయెడిదికాదు" అని పిల్లలతో చెప్పెను. వారు తమ తాతను చూచియెరుగరు. ఆ మధ్యాహ్నము కొంత ఎరిగిరని తలచుచున్నాను.

మరునాటి ప్రయాణములో ఒక కూడలి స్టేషనునందు మా బండి ఆలస్యముగా చేరెను. మారవలసిన బండి వెళ్లిపోయెను. తరువాతిబండికి ఒకగంట. రొట్టెలు, అరటిపండ్లు కొని ప్లాట్‌ఫారముమీది బల్లపై కూర్చుండి తింటిమి. కుమారుడు తన జేబులోని పాతపట్టికను తీసి చూచి, "దీని ప్రకారము వచ్చియుండినచో నేటి నగరము పోయియుండును" అనెను. ఆ మాట వానికై వాడే చెప్పుటచేత నేనేమియు చెప్పనక్కరలేకపోయెను.

హాలే నగరము యాత్రికుల పట్టికలలో సాధారణముగా ఉండదు. తెలుగువారు మాత్రము దానిని మరువరాదు. ఫ్రాంకె అను పండితుడు 1698లో అచట అనాథబాలల గృహమునకు పునాది వేసెను. దానిచుట్టు పాఠశాలలు, గ్రంథాలయము, ముద్రణాలయము పెరిగెను. అచట చదివిన జీగెన్‌బాల్గ్ 1706లో తరంగంబాడికి వచ్చెను. తరువాత 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి, 1743లో స్వదేశమునకు మరలెను. 1746 ప్రాంతమున హాలేలో తెలుగులిపితో చిన్నపుస్తకములు ముద్రింపబడెను. తెలుగుభాషలో అచ్చుపడిన మొదటి పుస్తకములలో అవి చేరినవి.

ఆ పొడవైన ఇండ్లవరుసల నడుమ, పాతగ్రంథాలయపు అలమారుల నడుమ మెల్లగా నడచితిమి. మన గుణింతములకును, ఒత్తులకును ఎన్ని అచ్చులు పోయవలెనో మా తల్లికి తెలియును. "తన బిడ్డలు చదువని భాషకు ఒకడు ఇన్ని అక్షరములు పోతపోయించెనా!" అని ఆమె ఆశ్చర్యపడెను. పది నగరముల పట్టికలో ఈ యూరు లేదు.

5. లైప్సిగ్ మీదుగా డ్రెస్డెన్

హాలేనుండి లైప్సిగ్ అరగంట ప్రయాణము. ఒక పగలు పోయి వచ్చితిమి. సంగీతవిద్వాంసుడు బాక్ 1723 మొదలు 1750లో మరణించువరకు అచట పనిచేసెను. లైప్సిగ్‌నుండి డ్రెస్డెన్‌కు సుమారు 120 కిలోమీటర్ల రైలుదారి 1839లో పూర్తియయ్యెను. జర్మనీలో దూరపు రైలుదారులలో అదియే మొదటిది. మనదేశమున బొంబాయినుండి ఠాణాకు ప్రయాణికులబండి నడచినది 1853లోనని జ్ఞాపకము చేసికొనుడు.

డ్రెస్డెన్ నగరము 1945 ఫిబ్రవరి నెలలో బాంబులచే కాలిపోయెను. ఫ్రౌయెన్‌కిర్చె అను దేవాలయపు గొప్పగుమ్మటము రెండుదినములు నిలిచి కూలెను. నలుబదియేండ్లకు పైగా అది రాళ్లకుప్పగనే యుండెను. మరల కట్టి 2005లో తెరచిరి. పాతరాళ్లను ఏరి గోడలలో చేర్చిరి. కనుక లేతరంగు గోడలో నల్లరాళ్లు అక్కడక్కడ కనబడును. గుమ్మటముపై శిలువను చేసిన ఆంగ్లేయ కంసాలి, ఆ నగరముపై బాంబులు వేసిన విమానచోదకులలో ఒకని కుమారుడు. ఆ నల్లరాళ్లను లెక్కింప నారంభించిన నా కుమార్తె, నూరు దాటిన తరువాత మానివేసెను.

6. ప్రాగ్: ఒక ప్రశ్న

డ్రెస్డెన్‌నుండి ప్రాగ్‌కు బండి ఎల్బె నదివెంట పోవును. ఇసుకరాతి కొండలు స్తంభములవలె నిలిచియుండును. చెక్‌దేశము 2007 డిసెంబరులో షెంగెన్ ఒడంబడికలో చేరినది. జర్మనీకి పొందిన అనుమతియే అచటను చెల్లును. అయినను పాస్‌పోర్టు చేతనుండవలెను. నాణెము మాత్రము వేరు. అచట యూరో కాక కొరూనా.

ప్రాగ్‌లో 1357లో ఆరంభించిన చార్లెస్ వంతెనను, 1410 నాటి ఖగోళ గడియారమును చూచితిమి. కాని నేను మరువలేనిది స్టేషనులోనిదే. మొదటి ప్లాట్‌ఫారముపై ఒక మనుష్యుడు బిడ్డనెత్తుకొని నిలిచిన విగ్రహము కలదు. ఆయన నికొలస్ వింటన్. 1939లో ఆయనయు, ఆయనతో పనిచేసినవారును, నాజీలవలన ప్రాణభయమున్న 669 మంది పిల్లలను, అందులో ఎక్కువమంది యూదులను, రైలుబండ్లలో ఇంగ్లండునకు పంపిరి. సెప్టెంబరు 1వ తేదీన బయలుదేరవలసిన కడపటిబండి, యుద్ధ మారంభమైనందున, కదలలేదు.

నా కుమార్తె విగ్రహమును చూచి, "నాన్నా, వారి అమ్మలు ఎందుకు ఎక్కలేదు?" అని అడిగెను. పిల్లలకు మాత్రమే అనుమతి దొరికెనని చెప్పితిని. ఆ తల్లులలో చాలమంది తమ బిడ్డలను మరల చూడలేదని చెప్పుటకు నాకు నోరు రాలేదు. మా తల్లియే ఆమెను దగ్గరకు తీసికొని, మెల్లగా చెప్పెను. మా బండికి ఇంకను నలుబది నిమిషములుండెను. తొందర లేనందున ఆ ప్రశ్నకు జవాబు దొరికెను.

7. ముగింపు

ఇంటికి వచ్చిన పిమ్మట స్నేహితులు నా కుమారుని, "ఎన్ని దేశములు చూచితివి?" అని అడిగిరి. "రెండు" అనెను. వారు నవ్విరి. "నవ్వుడు. కాని వానిగురించి ఏదైన అడుగుడు, చెప్పెదను" అనెను.

విద్యార్థులారా! మీరు దూరదేశమునకు పోవకపోవచ్చును. అయినను మీ జిల్లాలో ఊరూర ఆగు బండి యొకటి యుండును. ఒకమారు దానిలో కిటికీయొద్ద కూర్చుండి, మీ యింటి ముసలివారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పోవుడు. వారు చెప్పునది వినుడు.

అభ్యాసము

1. కొలోన్ దేవాలయము ఆరంభమునుండి ముగియువరకు ఎన్ని సంవత్సరములు గడచెను?

2. 180 కిలోమీటర్లను రెండున్నర గంటలలో పోవు బండి సగటువేగ మెంత? ఒకగంటలో పోవు బండికంటె ఎన్నినిమిషములు ఎక్కువ పట్టును? ఆ నిమిషములలో ఈ వ్యాసకర్త చూచినవానిని వ్రాయుడు.

3. పటమున రైన్, ఎల్బె నదులను గీచి, అవి ఏ దిక్కునకు ప్రవహించునో గుర్తింపుడు. మేము ఆ రెండునదులవెంటను ఎదురుప్రవాహముగా పోయితిమని ఎట్లు చెప్పగలరు?

4. మీ యింటి పెద్దలలో ఒకరి వృత్తినిగూర్చి వారినే అడిగి, పది వాక్యములు వ్రాయుడు.