తేనెపట్టులో కులం ఉందా?



కులం మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అంటుంటారు: "అది ప్రకృతిలోనే ఉంది కదండీ! తేనెటీగల్ని చూడండి. రాణి రాణే, కూలి కూలే." ఇంగ్లీషు జీవశాస్త్ర పుస్తకాల్లో రాణి ఈగకూ కూలి ఈగకూ ఉన్న తేడాకు వాడే మాట కూడా 'కాస్ట్' అనే. ఇది వినగానే మనవాళ్ళు కొందరు ఏం చెప్పాలో తెలియక ఊరుకుంటారు. ఊరుకోవద్దు. పట్టు లోపలికి వెళ్ళి చూద్దాం.

ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పోతుటీగ పుడుతుంది, ఫలదీకరణ చెందిన గుడ్డు నుంచి ఆడ ఈగ. ఆ ఆడ ఈగ రాణి అవుతుందా, కూలి అవుతుందా అన్నది గుడ్డులో రాసిపెట్టి లేదు. ఒకే తల్లి, ఒకే రకం గుడ్డు. మొదటి మూడు రోజులు పిల్ల పురుగులన్నిటికీ వయసులో ఉన్న ఈగలు తమ తల గ్రంథుల్లో ఊరే పాలలాంటి జావ పెడతాయి. దాన్నే రాయల్ జెల్లీ అంటారు. తర్వాత మామూలు గదుల్లోని పిల్లలకు తేనె, పుప్పొడి కలిసిన తిండి మొదలవుతుంది. రాణి కోసం కట్టిన పెద్ద గదిలోని పిల్లకు మాత్రం చివరిదాకా ఆ జావే, కడుపునిండా. పెట్టెల్లో పెంచే యూరప్ తేనెటీగల్లో అది 16 రోజులకు రాణిగా బయటికొస్తుంది, కూలి ఈగకు 21 రోజులు పడుతుంది. రాణి కొన్నేళ్ళు బతుకుతుంది. పూల కాలంలో కూలి ఈగ ఆయుష్షు సుమారు ఆరు వారాలే. రాణి హఠాత్తుగా చస్తే, కూలి గదిలో ఉన్న చిన్న పిల్లనే ఎంచుకుని, గది పెద్దది చేసి, జావ మేపి రాణిని చేసుకుంటాయి!

అన్నట్టు, రాణి అన్న పేరు మనం పెట్టిందే. ఆమె ఎవరికీ హుకుం జారీ చెయ్యదు, గుడ్లు పెడుతుంది.

ఇక పనుల సంగతి. ఇది మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. గదిలోంచి బయటపడ్డ కూలి ఈగ చేసే మొదటి పని గదులు శుభ్రం చెయ్యడం. ప్రతి ఈగా చేస్తుంది, ఏ ఒక్కటీ చచ్చేదాకా అదే చెయ్యదు. కొన్ని రోజులకు పిల్లల్ని మేపుతుంది, ఆ తర్వాత మైనం ఊరించి గదులు కడుతుంది, కొన్ని వాకిట్లో కాపలా ఉంటాయి, దాదాపు మూడో వారం నుంచి పూల మీదికి వెళ్తుంది. అవసరమైతే ఈ వరస కూడా మారుతుంది. మేపే ఈగలు తగ్గిపోతే, పూలకు వెళ్ళే ముసలి ఈగలే మళ్ళీ పిల్లల దగ్గరికి వస్తాయి. పాకీ పని చేసే ఈగ కడుపున పాకీ ఈగ పుట్టడం అనేది అక్కడ లేనే లేదు. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడగొడుతుంది అని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో వివరించారు. ఆ మెట్లు పట్టులో వెతికినా దొరకవు.

అలాగని తేనెటీగల్ని మనకు గురువుల్ని చెయ్యనక్కర్లేదు. తిండి కరువైన కాలంలో కూలి ఈగలు పోతుటీగల్ని బయటికి ఈడ్చేస్తాయి, అవి ఆకలితో చస్తాయి. అదీ ప్రకృతే మరి! ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం ఒకటి, దాన్ని శాస్త్రం చేసి నెత్తిన పెట్టుకోవడం ఇంకొకటి.

బుద్ధుడికీ ఇదే వాదన ఎదురైంది. బ్రాహ్మణుడు పుట్టుకతో అవుతాడా, చేసే పనితో అవుతాడా అని ఇద్దరు బ్రాహ్మణ యువకులు వాదించుకుని ఆయన దగ్గరికి వచ్చారు. వాసెట్ఠ సుత్తంలో ఉంది. గడ్డికీ చెట్టుకీ, పురుగుకీ పక్షికీ పుట్టుకతో వచ్చే గుర్తులు వేరువేరుగా ఉంటాయనీ, మనుషుల మధ్య అలాంటి గుర్తులేవీ లేవనీ ఆయన వాళ్ళకు విడమరిచి చెప్పాడు.

ఈసారి పొద్దుతిరుగుడు చేలు పూసినప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళండి. పట్టు జోలికి పోకుండా, పువ్వు దగ్గర కదలకుండా నిలబడి చూడమనండి. వెనక కాళ్ళకు పసుపుపచ్చ పుప్పొడి ముద్దలు కనిపిస్తాయి. కొన్నిటికి రెక్కల అంచులు చిరిగి ఉంటాయి. అవి పట్టులో పనులన్నీ చేసి వచ్చిన ముసలి ఈగలు.