ప్యాకెట్టు కాదు, కార్డు కొనివ్వండి

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మన తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు. దుకాణానికి వెళ్ళిన ప్రతిసారీ మీ అబ్బాయో అమ్మాయో బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్ల ముందు నిలబడిపోతున్నారా? అట్టముక్కలకు ఇంత డబ్బా అని మీ ప్రాణం ఉసూరుమనడం సహజమే. బేస్‌బాల్ మనం ఆడి పెరిగిన ఆట కూడా కాదు. కానీ బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మల కోసం, అగ్గిపెట్టెల మీది బొమ్మల కోసం వీధులన్నీ తిరిగిన చిన్నతనం మనలో చాలామందికి ఉంది. ఇదీ ఆ సరదాయే. మాన్పించకండి. నెలకు పది డాలర్లు చాలు, హాయిగా సాగుతుంది.

ఆ పది డాలర్లూ ప్యాకెట్లకు పోనివ్వకపోవడమే అసలు కిటుకు. లోపల ఏముందో తెలియకుండా కొనే ప్యాకెట్టు ఒకరకంగా లాటరీ టికెట్టే. ఏ రకం అరుదైన కార్డు ఎన్ని ప్యాకెట్లకు ఒకటి వస్తుందో సాధారణంగా దానిమీదే సన్నటి అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది. అది పిల్లల చేతే చదివించండి. 1:24 అని ఉంటే ఇరవై నాలుగు కొన్నవాళ్ళకు తప్పక వస్తుందని కాదు, సగటున అని విడమరచి చెప్పండి. ఒక్కో ప్యాకెట్టు ధరను ఇరవై నాలుగుతో హెచ్చవేయమనండి. మీరు వద్దని పదిసార్లు చెప్పేకన్నా ఆ లెక్క బాగా పనిచేస్తుంది. పుట్టినరోజుకు ఒక ప్యాకెట్టు విప్పుకునే సరదా మాత్రం ఉండనివ్వండి.

మిగతా రోజుల్లో విడి కార్డులు కొనండి. కార్డుల దుకాణాల్లో, వారాంతాల్లో జరిగే కార్డు షోలలో, మామూలు ఆటగాళ్ళ కార్డులు పొడుగాటి అట్టపెట్టెల్లో నింపి పది సెంట్లకో పావలా డాలరుకో ఒకటి చొప్పున అమ్ముతారు. అయిదు డాలర్లతో గంటసేపు వెతుక్కోవచ్చు. పిల్లలకు అంతకన్నా పండగ ఏముంటుంది?

వెతకడానికి ఒక దారం కావాలి. ఒక జట్టో, ఒక ఆటగాడో, ఒక సంవత్సరమో, ఏదో ఒకటి పిల్లల్నే ఎంచుకోనివ్వండి. డాలస్ చుట్టుపక్కల ఉన్నవారికి కుమార్ రాకర్ ఉన్నాడు. అతని తల్లి వైపు మూలాలు మన దేశంలోనివి. కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే 2022 డ్రాఫ్టులో టెక్సస్ రేంజర్స్ జట్టు అతన్ని మొత్తంమీద మూడో ఎంపికగా తీసుకుంది. మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉండే ఫ్రిస్కోలో, రేంజర్స్ అనుబంధ జట్టు రఫ్‌రైడర్స్ తరఫున ఆడి, 2024 సెప్టెంబరులో పెద్ద లీగులో అడుగుపెట్టాడు. ఇలాంటి ఒక్క మనిషి కార్డుల్ని ఏడాదివారీగా పోగుచేస్తే అతని బతుకంతా వరుసలో కనిపిస్తుంది. కార్డు వెనక ఉండే అంకెలు చదవడానికి భాగహారం రావాలి, అది వేరే లాభం.

ఇక పెద్దలకు ఒక హెచ్చరిక. దయచేసి దీన్ని పెట్టుబడిగా చూడకండి. బేస్‌బాల్ దిగ్గజం మికీ మ్యాంటిల్‌ది, టాప్స్ కంపెనీ 1952లో వేసిన కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిన మాట నిజమే. ఎందుకంత పలికింది? ఆ కార్డులు అప్పట్లో అమ్ముడుపోక గోదాములో మూలిగాయి. వాటిని 1960లో అట్లాంటిక్‌లో పారబోయించానని కంపెనీలో పనిచేసిన సై బెర్గర్ తానే చెప్పుకొచ్చాడు. అమ్ముడైనవాటిలో చాలా భాగం పిల్లల చేతుల్లో నలిగి, ఇల్లు సర్దేటప్పుడు చెత్తబుట్టలోకి పోయాయి. శుభ్రంగా మిగిలినవి కొద్దే. ఇలాంటి పాత కార్డుల ధరలు పెరగడం చూసి 1980ల చివర్లో జనం పెట్టెలకొద్దీ కొని దాచారు, కంపెనీలు కుప్పలుగా అచ్చువేశాయి. పిల్లల కాలేజీ ఫీజులకు పనికొస్తాయని అటకెక్కించిన ఆ పెట్టెల్లో చాలావాటికి ఇవాళ్టికీ ధర లేదు. మీరు మాటిమాటికీ ‘ఇది ఎంత పలుకుతుంది?’ అని అడిగితే పిల్లలు ఆటగాణ్ణి మరచి ధర చూడటం నేర్చుకుంటారు. కార్డు ఎంత బాగా ఉందో చూసి గ్రేడు వేసే సంస్థలకు పంపాలన్న తొందరా వద్దు. ఆ రుసుముతో డజన్లకొద్దీ మామూలు కార్డులు వస్తాయి. ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టె విప్పుతుంటే వాటా కొనే ‘బ్రేకు’ల జోలికి మాత్రం అసలు పోనివ్వకండి. అది పిల్లలకు తగినది కాదు.

స్నేహితులతో మార్పిడి చేసుకోనివ్వండి. ఒక్క నియమం పెట్టండి: నచ్చిన కార్డు ఇచ్చేముందు ఒక రాత్రి ఆగాలి. అయినా మోసపోతే కోప్పడకండి. దాచుకోవడానికి పల్చటి ప్లాస్టిక్ తొడుగులు, తొమ్మిది అరల పేజీలు చవకగా దొరుకుతాయి. రబ్బరుబ్యాండు వేస్తే అంచులు నలుగుతాయి.

ఈ శనివారం మీ ఊళ్ళోని కార్డుల దుకాణానికి ఒకసారి తీసుకెళ్ళండి. అయిదు డాలర్లు పిల్లల చేతికే ఇచ్చి, ఎంచుకునేదాకా పక్కన ఓపిగ్గా కూర్చోండి. తిరుగు ప్రయాణంలో ఆ ఆటగాళ్ళ గురించి చెబుతారు, వినండి.