పరుగు, కాలి ఎముక నొప్పి, చేతి వాచీ

ఈ నెల ఆరోగ్య పాఠం మన సంఘాలలో తెల్లవారుజామునే లేచి పరుగెత్తుచున్న యువతీ యువకుల కొరకు, అంతకంటె ఎక్కువగా వారి తల్లిదండ్రుల కొరకు.

నైట్ డ్యూటీ ముగింపుకు వచ్చే వేళ, ఐదు గంటలకు, వార్డు కిటికీలో నుండి చూస్తే రోడ్డు వెంట పిల్లలు పరుగెత్తుతూ కనబడతారు. నరసరావుపేటలో కాలేజీ గ్రౌండ్లు, మాచర్ల, గురజాల వైపు సాగర్ కుడి కాలువ కట్టలు, ఏమీ లేని ఊళ్లలో తారు రోడ్డు. వీరిలో ఎక్కువమంది సరదాకు పరుగెత్తేవారు కారు. కానిస్టేబుల్ ఉద్యోగమో, అగ్నివీర్ ఉద్యోగమో రావాలని పరుగెత్తేవారు. ఆ పరుగు వెనుక ఒక ఇంటి ఆశ అంతా ఉంటుంది.

వీరు నలుగురు మా ఓపీ బల్ల మీద కూర్చుంటే చాలు, మాటలన్నీ ఒకటే. "నీ టైమింగ్ ఎంతరా?" "ఆరు యాభై." "ఏ బూట్లు?" "షిన్ పెయిన్ తగ్గిందా?" "నీ వాచీ కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తంది, నాది కరెక్టు." వినడానికి మాకు ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ మాటల్లో ఒకటి మాత్రం మేము ఊరుకోలేనిది. "నొప్పి మీద పరిగెత్తితేనే నొప్పి పోద్ది." ఈ మాట నమ్మి మంచం పట్టిన పిల్లలను మేము చూచాము.

ఒక అబ్బాయి సంగతి చెబుతాము. తండ్రి మిర్చి పైరు కౌలుకు చేస్తారు. అబ్బాయి ఈవెంట్స్ తేదీ తెలిసిన రోజు నుండి పొద్దున, సాయంత్రం రెండు పూటలా పరుగు మొదలుపెట్టాడు. మూడో వారంలో మోకాలి కింద ముందు ఎముక నొప్పి. ఒక చోట ఎక్స్-రే తీయించుకుంటే ఏమీ లేదన్నారు. దానితో ధైర్యం వచ్చి, రోజూ పొద్దున నొప్పి ఇంజెక్షన్ చేయించుకొని పరుగెత్తాడు. అలా నాలుగైదు రోజులు. ఒక ఉదయం మూడో రౌండులో ఎముక విరిగి గ్రౌండులోనే పడిపోయాడు. ఆపరేషన్ అయ్యింది, ఈవెంట్స్ పోయాయి. వాళ్లమ్మగారు వార్డులో మా చేయి పట్టుకొని, "నొప్పి అంటంటే నేనే తైలం రాసి పంపించాను సిస్టరమ్మా" అని ఏడ్చారు. ఆ తల్లి తప్పు ఏమీ లేదు. ఆమెకు చెప్పినవారు లేరు. అందుకే ఈ పాఠం.

ఎముక రాయి వంటిది కాదు, ప్రాణమున్నది. కొత్త బరువు పడినప్పుడు శరీరం ముందుగా పాత ఎముకను కొంచెం కొంచెం తొలగించి, తరువాత ఆ స్థలంలో గట్టి ఎముకను పోస్తుంది. తొలగించడం త్వరగా జరుగుతుంది, పోయడానికి వారాలు పడుతుంది. పిడుగురాళ్ల వైపు రోడ్డు బాగుచేసేటప్పుడు చూడండి, పాత రోడ్డు త్రవ్వి కంకర పరచిన ఆ నాలుగు రోజులు రోడ్డు మునుపటికంటె బలహీనం. అప్పుడే సున్నపు లారీలన్నీ దాని మీద నడిపితే ఏమగును? పరుగు మొదలుపెట్టిన మూడు, నాలుగు వారాల సమయం ఎముకకు అటువంటిది. గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటు పడతాయి కనుక పిల్లవాడికి "నాకు దమ్ము వచ్చింది" అనిపిస్తుంది. దమ్ము వచ్చింది నిజమే, ఎముక ఇంకా రాలేదు.

ఇది కొత్త జబ్బు కాదు. 1855లోనే ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే వైద్యుడు కవాతు చేసే సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడం గురించి వ్రాశాడు. అప్పటికి ఎక్స్-రే లేదు, అది 1895లో వచ్చింది. వచ్చిన తరువాత తెలిసినది ఏమంటే, ఆ పాదాలలో ఎముక సన్నగా చిట్లి ఉన్నదని. అప్పుడు సైనికులకు, ఇప్పుడు సైన్యంలో చేరగోరే మన పిల్లలకు కారణం ఒకటే. తక్కువ కాలంలో ఎక్కువ బరువు.

మన రాష్ట్రంలో జరిగినది ఒకసారి గుర్తు చేసుకోండి. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. 95 వేల మందికి పైగా అందులో నెగ్గారు. దేహదారుఢ్య పరీక్షలు మాత్రం వాయిదా పడి, 2024 డిసెంబరు చివరి నుండి జరిగాయి. దగ్గర దగ్గర రెండేళ్లు. ఆ మధ్యలో ఎందరో పరుగు మాని పొలం పనులకు, హైదరాబాదు పనులకు వెళ్లిపోయారు. తేదీలు రాగానే ఒక్కసారిగా గ్రౌండు మీద పడ్డారు. అది వారి తప్పు అనలేము. కాని ఎముకకు నోటిఫికేషన్ తెలియదు. ఉద్యోగం కావాలనుకొనేవారు తేదీ వచ్చినా రాకపోయినా వారానికి మూడు రోజులు, కొద్ది దూరమైనా, పరుగు విడువకుండా ఉండవలెనని మా మనవి. విడిచినవారు మొదటి నుండి మొదలుపెట్టవలెను, ఆపిన చోటి నుండి కాదు.

ఇక ఏ నొప్పికి భయపడాలి, ఏ నొప్పికి అక్కరలేదు అన్నది అందరూ అడిగేది. పిక్కలు, తొడలు రెండు కాళ్లకూ సమానంగా పట్టేసి, రెండు మూడు రోజులలో తగ్గిపోతే అది కండరం అలసట. ఎముక లోపలి అంచు వెంట జానెడు మేర నొప్పి ఉండి, పరుగు మొదట్లో బాధించి వేడెక్కాక తగ్గితే దానిని పిల్లలు షిన్ పెయిన్ అంటారు. ఇది హెచ్చరిక. పరుగు సగానికి సగం తగ్గించి, మట్టి నేల మీదకు మారవలెను. మూడవది అసలైనది. ఒక్క వేలితో "ఇదిగో ఇక్కడే" అని చూపించగల నొప్పి. నొక్కితే ప్రాణం పోయినట్లుంటుంది, పరుగెత్తే కొద్దీ పెరుగుతుంది, తరువాత నడిచినా, రాత్రి పడుకున్నా ఉంటుంది. అప్పుడు ఆ రోజే పరుగు ఆపి డాక్టరుగారికి చూపించవలెను. మొదటి రెండు మూడు వారాలలో ఎక్స్-రేలో ఈ పగులు కనబడకపోవచ్చును. ఎక్స్-రే బాగున్నదంటే ఎముక బాగున్నదని కాదు. నొప్పి ఆగకపోతే మరల తీయించాలి, లేదా డాక్టరుగారు ఎమ్మారై వ్రాస్తారు. ముందుగా పట్టుకుంటే చాలావాటికి ఆరు నుండి ఎనిమిది వారాల విశ్రాంతి సరిపోతుంది. ఎముక ముందు అంచున వచ్చే పగులు, తుంటి దగ్గర వచ్చే పగులు మాత్రం మొండివి, వాటికి ఎక్కువ కాలం పడుతుంది.

నాటు కట్టు కట్టించడం, గట్టిగా మర్దన చేయించడం ఈ నొప్పికి పనికిరాదు. నొప్పి ఇంజెక్షన్ చేయించుకొని పరుగెత్తడం మరీ ప్రమాదం. ఇంజెక్షన్ పగులును అతికించదు, పగులు ఉన్నదని మీకు తెలియకుండా చేస్తుంది. నీళ్లు తాగకుండా చెమటలు కారుతున్న శరీరానికి ఆ మందు కిడ్నీలకు కూడా చెరుపు.

మడమ నొప్పి, అనగా పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ క్రింద పొడిచినట్లుండేది, భయపడవలసినది కాదు, ఓర్పు కావలసినది. పిక్క, పాదం సాగదీసే వ్యాయామాలు చూపిస్తాము, నెలలు పడుతుంది. మోకాలు నొప్పికి కాలువ కట్ట కూడా ఒక కారణం. కట్ట అంచు ఏటవాలుగా ఉండి ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. నడుమన పరుగెత్తండి, వెళ్లిన ప్రక్కనే తిరిగి రండి.

వాచీల సంగతికి వద్దాము. మా సిస్టర్లలో కొందరికి కూడా పిల్లలు కొనిచ్చిన వాచీలు ఉన్నవి. డ్యూటీ దిగేసరికి పదివేల అడుగులు దాటాయని సంతోషపడతారు. ఆ పదివేల లెక్క వైద్యులు పరీక్షించి పెట్టినది కాదు, 1965లో జపానులో అమ్మిన మాంపోకే అనే అడుగుల మీటరు పేరుతో వాడుకలోకి వచ్చినది. నడక మంచిదే, అంకె పవిత్రమేమీ కాదు.

పరుగెత్తే పిల్లల వాచీ వెనుక పచ్చని దీపం వెలుగుతుంది. అది చర్మం క్రింద రక్తం పొంగును చూచి నాడి లెక్క కడుతుంది. బెల్టు వదులైతే, చెమట పడితే, చేయి ఊగితే లెక్క తప్పుతుంది. ఒక్కొక్కసారి నాడికి బదులు అడుగులను లెక్కించి నిమిషానికి 170, 180 అని చూపిస్తుంది. ఆ అంకె చూచి గుండె జబ్బేమోనని వణుకుతూ వచ్చిన అబ్బాయి ఉన్నాడు. ఇరవై ఏళ్ల వయసులో గట్టిగా పరుగెత్తితే నిజంగా 180 వచ్చినా తప్పు లేదు. 220లో నుండి వయసు తీసివేసే లెక్క ఉజ్జాయింపు మాత్రమే, మనిషికి మనిషికి పదీ పన్నెండు తేడా ఉంటుంది. దూరం కూడా అంతే. గ్రౌండులో మలుపుల దగ్గర వాచీ దూరం తప్పుతుంది. పరీక్షలో 1600 మీటర్లను మగవారు 8 నిమిషాలలో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించవలసి వచ్చింది. 400 మీటర్ల గ్రౌండులో అది నాలుగు రౌండ్లు, అనగా అబ్బాయిలకు రౌండుకు 2 నిమిషాలు. దీనికి అప్పు చేసి వాచీ కొననక్కరలేదు. టేపుతో కొలిచిన గ్రౌండు, మామూలు స్టాప్‌వాచ్ చాలును.

మా కాలంలో ట్రైనింగులో మొదటి వారమే నాడి చూడటం నేర్పేవారు. మీరూ నేర్చుకోండి. పొద్దున మెలకువ రాగానే, మంచం మీదనే, బొటనవ్రేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి ఒక నిమిషం లెక్కించి పుస్తకంలో వ్రాయండి. వారం వ్రాస్తే మీ సొంత లెక్క తెలుస్తుంది. రెండు మూడు రోజులు వరుసగా అంతకంటె ఎనిమిదీ పదీ ఎక్కువ ఉంటే శరీరం అలసిపోయి ఉన్నది, లేదా జ్వరం రాబోతున్నది. ఆ రోజు పరుగు వద్దు. ఈ పనికి ఖర్చు లేదు. ఇక మీ ఎముక నొప్పిని ఏ వాచీ చూపదు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉన్నదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం తక్కువైన పిల్ల ఎంత పరుగెత్తినా టైమింగ్ రాదు, ఆయాసం వస్తుంది. "బద్ధకం" అని తిట్టకముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, 12 ఉండాలి. బరువు తగ్గాలని అన్నం మానిపించవద్దు. పరుగు ఎక్కువై తిండి తక్కువై నెలసరి ఆగిపోతే ఎముక కూడా బలహీనమవుతుంది. అది చెప్పడానికి పిల్లలు సిగ్గుపడతారు, అడగవలసినది తల్లులే. గుడ్డు, పప్పు, ఆకుకూర, బెల్లం పల్లీలు, పైన జామకాయో నిమ్మరసమో ఇవ్వండి. భోజనం కాగానే టీ వద్దు.

ఎండ గురించి రెంటచింతల ఉన్న జిల్లాకు మేము చెప్పనక్కరలేదు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. పరుగెత్తే పిల్లవాడు తడబడి, పొంతన లేని మాటలు మాట్లాడి, ఒళ్లు కాలిపోతుంటే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేవరకు ఆగకుండా బట్టలు వదులు చేసి తల నుండి పాదం వరకు చల్లని నీళ్లు గుమ్మరించండి, విసరండి. తెలివి లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. పడిపోయి ఊపిరి సరిగా తీసుకోకపోతే ఛాతీ మధ్యన రెండు చేతులతో నిమిషానికి నూరు నుండి నూట ఇరవై సార్లు గట్టిగా నొక్కండి. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినవారు, ఎప్పుడైనా పరుగెత్తుతూ స్పృహ తప్పినవారు, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు ఉన్న పిల్లలు ముందుగా ఈసీజీ తీయించుకొని డాక్టరుగారిని కలవకుండా గ్రౌండులో దిగవద్దు. మొదటి రోజే విపరీతంగా చేసి మూత్రం టీ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి రండి.

విశ్రాంతి అంటే సోమరితనం అనుకొనే తండ్రులు ఉన్నారు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో పందెపు రంగాన్ని గురించి చెప్పిన చోట మితాన్ని కూడా ప్రస్తావించాడు, ఇంట్లో కలిసి చదువుకొనండి. వారానికి ఒక పూర్తి రోజు సెలవు, అది ఆదివారమైతే మాకు మరీ సంతోషం.

కాలి నొప్పితో ఓపీకి వచ్చేవారు పరుగెత్తే బూట్లు వెంట తీసుకొని రండి. చాలామంది ఇంటి దగ్గర దాచి చెప్పులతో వస్తారు. బూటు అడుగు ఏ ప్రక్క అరిగిందో చూస్తే నొప్పి ఎందుకు వచ్చిందో సగం అక్కడే తెలుస్తుంది. ఎన్ని వారాల నుండి, రోజుకు ఎంత దూరం పరుగెత్తుతున్నారో ఒక కాగితం మీద వ్రాసి తెండి. వాచీలోని లెక్క అయినా ఫరవాలేదు, ఇంజెక్షన్లు ఎన్ని చేయించుకున్నారో మాత్రం దాచవద్దు. మేము తిట్టము.