కృష్ణ ఒడ్డున ఉప్పునీళ్లు: దివిసీమ పాఠం

డెల్టా అంటే ఏమిటని అడిగితే మన పిల్లలు నిర్వచనం టకటకా అప్పజెబుతారు. అక్కడి జనం ఎలా బతుకుతారంటే మాత్రం "వ్యవసాయం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ నెల మీ ఇంట్లో దివిసీమ గురించి మాట్లాడండి. ఆటోనగర్ నుంచి కరకట్ట మీదుగా రెండు గంటల ప్రయాణమే.

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఒండ్రుతో ఏర్పడిన నేలే అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతం. చుట్టూ నీళ్లే, కానీ సముద్రపు పోటు పాయల్లోకి ఎగదన్నుతుంది కాబట్టి అవి పైరుకు పనికిరావు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలో వచ్చే నీరు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నదినే దాటి పొలాలకు చేరాలి. పిల్లలకు ఇది భలే వింతగా ఉంటుంది.

ఆ మంచినీరు ఎంతవరకు అందితే అంతవరకు వరి. కోతకు రెండు మూడు రోజుల ముందు, తడి ఆరకుండానే, వరి చేలోనే మినుములు చల్లేస్తారు. నీరు అందని శివారు భూముల్లో రొయ్యల చెరువులు. (రొయ్యల లోడు వ్యాన్లు మీలో కొందరి షెడ్లకు రిపేరుకు వచ్చే ఉంటాయి.) ఇంకా కిందికి వెళ్తే వేట పడవలు, మడ అడవుల కాలువల్లో పీతలు పట్టే యానాదులు. 1977 నవంబర్ 19 ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఈ తీరంలోనే.

అసలు చిక్కు పొలం గట్టు దగ్గర ఉంది. ఒకరు ఉప్పునీటి చెరువు తవ్వితే ఊట పక్క చేలోకి దిగుతుంది, వరి ఆకుల కొసలు మాడతాయి. ఆ రైతుకూ చెరువు తవ్వక తప్పదు. ధర పలికితే రొయ్య బంగారమే. తెల్లమచ్చ వైరస్ తగిలితే పెట్టుబడి మొత్తం పోతుంది. నాట్లు, కోతల మీద బతికే ఆడకూలీలకు చెరువు దగ్గర అంత పని దొరకదు. నష్టం లెక్క వేసేటప్పుడు వీళ్లను మర్చిపోతాం.

పశ్చిమ ఆఫ్రికాలోని గినీ-బిస్సావ్‌లో బలాంటా రైతులది మరో దారి. మడ అడవుల నేలలో మట్టికట్టలు పోసి సముద్రపు నీటిని ఆపుతారు. వాననీటితో ఉప్పు కడిగి వరి పండిస్తారు. అట్లాసులో రెండు చోట్లూ పిల్లలచేత వెతికించండి.

తర్వాత రెండు గిన్నెల్లో తడిబట్ట పరచి మినుములు వేయండి. ఒకదానికి మామూలు నీళ్లు, రెండోదానికి గ్లాసుకు చెంచా ఉప్పు కలిపిన నీళ్లు. మూడు రోజులు చూసి, ఏ గిన్నెలో ఎన్ని మొలిచాయో సోషల్ నోట్‌బుక్‌లో రాయించి పంపండి.