కొత్త రైతు కంపెనీకి వెబ్‌సైటు: తగిన డిజైనరును ఎన్నుకొనుట

రైతులు కలిసి ఏర్పరచుకొనిన ఉత్పత్తిదారుల కంపెనీలు నేడు మిరప, పసుపు, కందిపప్పు, చిరుధాన్యములను తమ పేరుతోనే అమ్ముచున్నవి. 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పు పథకమును కేంద్ర ప్రభుత్వము 2020 ఫిబ్రవరిలో ప్రారంభించినది. దూరపు కొనుగోలుదారు సరుకును చూడక మునుపే కంపెనీ వెబ్‌సైటును చూచును. అది సరిగా లేనిచో సరుకు మంచిదైనను నమ్మకము కుదరదు. కావున విత్తనపు ఎంపికలో చూపు శ్రద్ధనే డిజైనరు ఎంపికలోను చూపవలెను.

అవసరమును తేల్చుకొనుట

నేల ఎట్టిదో తెలియక విత్తనము కొనరాదు. వెబ్‌సైటు ఎవరి కొరకు? టోకు వర్తకునికా, పట్నపు గృహిణికా? సరుకు వివరములు, ఫోను నెంబరు ఉన్న చాలునా, లేక అక్కడనే డబ్బు చెల్లించు ఏర్పాటు కావలెనా? ఈ జవాబులను ఒక కాగితముపై వ్రాసి, పాలకవర్గము ఒప్పుకొనిన తరువాతనే డిజైనరును పిలువవలెను. పేజీ రూపు దిద్దువారు వేరు, దానిని కంప్యూటరులో పనిచేయునట్లు నిర్మించువారు వేరు. ఒకరే రెండును చేయుదురా అని ముందే అడుగవలెను.

పాత పనిని పరీక్షించుట

విత్తన సంచిపై బొమ్మను చూచి మోసపోరాదు. డిజైనరు ఇదివరలో చేసిన మూడు వెబ్‌సైటులను ఈ విధముగా పరీక్షింపుడు.

1. సిగ్నలు తక్కువగా నున్న చోట, సామాన్యమైన ఫోనులో తెరువుడు. ఫొటోల బరువు తగ్గింపక పెట్టిన పేజీ తెరుచుకొనుటకు చాల సేపు పట్టును.

2. అందలి ఒక తెలుగు వాక్యమును కాపీ చేసి, ఫోను సందేశములో అతికింపుడు. తెలుగు అక్షరములే వచ్చినచో అది యూనికోడ్. పిచ్చి గుర్తులు వచ్చినచో అది అచ్చుపనికి వాడు పాత ఫాంటు. వాక్యము కాపీయే కానిచో అది బొమ్మగా పెట్టినది కావచ్చును. ఇట్టి పేజీలు తెలుగులో వెదకువారికి సులభముగా దొరకవు.

3. ఆ వెబ్‌సైటుల యజమానులకు ఫోను చేసి, పని ముగిసిన తరువాత కూడ డిజైనరు పలికెనా అని అడుగుడు.

మొలక పరీక్ష

విత్తుటకు ముందు 100 గింజలను మొలకెత్తించి చూచుట మనకు అలవాటే. అటులనే ఇద్దరు, ముగ్గురు డిజైనరులకు ఒకే పేజీని అప్పగించి, తగు రుసుము చెల్లించి చేయించుడు. మన కంపెనీని ఎరుగని ఒక వ్యక్తికి ఆ పేజీని చూపి, "సరుకు ఎట్లు కొందురు?" అని అడుగుడు. తడబాటు లేక దారి కనుగొనినచో ఆ పేజీ మంచిది. రంగుల అందము ఆ తరువాతి మాట.

ఒప్పందము

నేనెరిగిన ఒక కంపెనీ డొమైన్ పేరును డిజైనరు తన పేరున రిజిస్టరు చేసికొనెను. గడువు తీరినను అతడు పొడిగింపలేదు. సరిగా మిరప అమ్మకపు కాలములో వెబ్‌సైటు మూతపడెను. సంచులన్నిటిపైన అదే చిరునామా అచ్చయి యుండెను. కావున డొమైన్, హోస్టింగ్ రెండును కంపెనీ పేరున, కంపెనీ ఈ-మెయిలుతో ఉండవలెను. పాస్‌వర్డులు కంపెనీ వద్దనే ఉంచుకొనవలెను.

మరియొక ముఖ్య విషయము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, బయటివారు చేసిన రూపకల్పనపై హక్కు సామాన్యముగా చేసినవారిదే. డబ్బు చెల్లించినంత మాత్రమున మనది కాదు. హక్కును వ్రాతపూర్వకముగా, సంతకముతో బదిలీ చేయించుకొనవలెను. కాలపరిమితి వ్రాయనిచో ఆ బదిలీ 5 సంవత్సరములకే చెల్లును. ప్రాంతము వ్రాయనిచో భారతదేశమునకే పరిమితమగును. ఎగుమతి తలపెట్టువారు ఈ రెండింటిని తప్పక వ్రాయించుకొనవలెను.

సొమ్మును మూడు వాయిదాలుగా చెల్లించుట మేలు: పని మొదలిడునపుడు కొంత, నమూనా నచ్చినపుడు కొంత, వెబ్‌సైటు ఒక నెల సరిగా నడచిన తరువాత మిగిలినది. ధరలు మార్చుట, కొత్త సరుకు చేర్చుట కంపెనీ గుమాస్తాకు నేర్పవలెనని కూడ షరతు పెట్టుడు.

తక్కువ ధర చెప్పినవారికే పని ఇచ్చుట పొదుపు కాదు. నాసి విత్తనము వలన ఒక పంట పోవును. తప్పు ఒప్పందము వలన కంపెనీ పేరే పోవచ్చును. రైతు సోదరులు ఈ విషయములను తమ పాలకవర్గములో చర్చించి, పిదప నిర్ణయించుకొందురు గాక.