నెలోర్, యాంగస్: సంకర పశువుల లెక్క

బ్రెజిల్ మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతివే. వీటి మూలం మన ఒంగోలు పశువులు. పేరు మాత్రం నెల్లూరుది! నెలోర్ ఎండకూ పిడుదులకూ తట్టుకుంటుంది. కానీ ఆలస్యంగా ఎదుగుతుంది, మాంసం కాస్త గట్టి. స్కాట్లండ్ జాతి యాంగస్ త్వరగా కొవ్వు పట్టి చిన్న వయసులోనే మాంసానికి సిద్ధమవుతుంది. వేడికి మాత్రం డీలా పడుతుంది. వేడి ప్రాంతాల్లో లేత మాంసం కావాలంటే ఈ రెండింటి సంకరమే మేలు. నెలోర్ బాస్ ఇండికస్, యాంగస్ బాస్ టారస్; ఇవి దూరపు చుట్టాలు కాబట్టి మొదటి తరం దూడల్లో సంకర తేజం బాగా కనిపిస్తుంది.

ఇలాంటి సంకర జాతుల్లో తికమకపెట్టేది నిష్పత్తి. బ్రాంగస్ జాతిలో 3/8 అమెరికా బ్రాహ్మన్, 5/8 యాంగస్. శాంటా గెర్‌ట్రూడిస్‌లో యాంగస్ స్థానంలో షార్ట్‌హార్న్ ఉంటుంది. టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ రూపొందించిన ఈ జాతికి 1940లో అధికారిక గుర్తింపు వచ్చింది. అమెరికా బ్రాహ్మన్‌లోనూ గిర్, గుజరాత్ పశువులతోపాటు ఒంగోలు రక్తం ఉంది.